నూట ఇరవై గ్రాముల బువ్వ

"పూటకు రెండు రొట్టెలు తినమ్మా, చాలు" అని ఎవరైనా డాక్టరు చెబితే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరింటి రెండు రొట్టెలు? మా ఆవిడ పుట్టిల్లు రాయికోడ్ దగ్గర. అక్కడ జొన్నరొట్టె అంటే పెనం ఎంతుంటే అంత. మా ఎదురింటి వాళ్ల రొట్టె అరచేతికి కాస్త పెద్దది, చాటంత రొట్టెలు చేసేవాళ్లను చూసి ముక్కు విరుస్తారు. న్యాల్‌కల్ నుంచి మా దుకాణానికి వచ్చే ఒక రైతు దస్తీలో ఒకే ఒక్క రొట్టె కట్టుకొస్తాడు. దాన్ని విప్పితే నలుగురు తినొచ్చు. ఆయన్ను అడిగితే "నేను ఒక్క రొట్టెనే తింట సేటూ" అని ఎంతో మితంగా బతుకుతున్నవాడిలా చెబుతాడు. రొట్టె కూడా ఒక కొలతే అని నమ్మేవాళ్లకు దేవుడు దుకాణం ఇవ్వలేదు, మంచి పని చేశాడు.

నేను తూచి బతికిన మనిషిని. జహీరాబాద్ బజారులో మా నాయన పెట్టిన కిరాణా దుకాణంలో చిన్నప్పటి నుంచి కూర్చున్నాను. కందిపప్పు, జొన్నలు, పల్లీలు, బెల్లం. మొదట తరాజు ఉండేది, ఇనుప రాళ్లు ఉండేవి. ఇప్పుడు అంకెలు కనబడే ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. రెండింటితోనూ నా పేరు చెడలేదు. "అందాజగ ఒక కిలో ఎయ్యి" అని ఎవరైనా అంటే వాళ్ల మొహం వంక ఒకసారి చూసి, కాంటా మీదే వేసేవాణ్ణి. అందాజ అనే మాట సోమరిపోతులు కనిపెట్టింది అని నా గట్టి నమ్మకం.

అలాంటి నా ఇంట్లోనే అందాజతో తిని తిని మా ఆవిడ తొంభై ఒక్క కిలోలకు వచ్చింది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. పొయ్యి ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని రొట్టెలు చేసేది. మూడు గల్లీల అవతల ఆమె అక్క ఉంటుంది. ప్రతి సాయంత్రం నడిచి వెళ్లి, గంటసేపు ముచ్చట పెట్టి వచ్చేది. రెండేళ్లుగా ఆ అక్కతోనే ఫోన్లో మాట్లాడుతోంది. మూడు గల్లీలకు ఫోను! ఆటోలో వెళ్లమంటే ఎక్కడం దిగడం ఇంకా నరకం అనేది.

పట్నంలో ఎముకల డాక్టరుకు చూపిస్తే ఆయన రెండు ఫోటోలు లైటు ముందు పెట్టి, ఆపరేషన్ తప్ప దారి లేదన్నాడు. అయితే ఇంత బరువు మీద చేయనన్నాడు. "ఎనభైకి రండమ్మా. ఆ రోజే తేదీ రాసిస్తాను." అంతే. మా ఆవిడ ఆ మాటను చెవిలో కాదు, కొంగున ముడి వేసుకుంది. దారి పొడుగునా "ఎనభై అన్నడు గద? ఎనభైకి వస్తే చేస్తడు గద?" అని నన్ను నాలుగుసార్లు అడిగింది.

డాక్టరు గది పక్కనే తిండి గురించి చెప్పే అమ్మాయి ఒకామె ఉంది. ఆమె ఒక రంగుల కాగితం ఇచ్చింది. పిడికెడు అన్నం, అరచేతి మందం పప్పు, బొటనవేలంత నూనె. నేను అడిగాను, ఎవరి పిడికిలి అని. నాదా, నీదా, మా ఆవిడదా? మా ఆవిడ చేతిలో పట్టినంత అన్నం నీ చేతిలో పడితే సగం కింద పోతుంది అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గ్రాముల్లో రాసివ్వమన్నాను. ఉడికిన అన్నమా, బియ్యమా అది కూడా రాయమన్నాను. చదువుకున్నవాళ్లు, తెల్ల కోటు వేసుకున్నవాళ్లు, పిడికిళ్లతో వైద్యం చేస్తుంటే ఇక మా దుకాణాల్లో కాంటాలు ఎందుకు, గంగలో పారేయొచ్చు. చివరికి ఆమె పెన్ను తీసి రాసింది. పొద్దున నలభై గ్రాముల జొన్నపిండితో ఒక రొట్టె, మధ్యాహ్నం ఉడికిన బువ్వ నూట ఇరవై గ్రాములు, రాత్రి మళ్లీ ఒక రొట్టె, కూరలో మనిషికి ఒక చెంచా నూనె.

ఇంటికి రాగానే మా ఆవిడ అంది, "కాంటా గీంటా ఎందుకు? నాకు ఎర్కనే ఉంటది గద. నేనే జర తక్కువ తింట."

"నీ ఎర్కతోనే గద తొంభై ఒకటి అయినవ్" అన్నాను. తాళంచెవులు ఇవ్వడానికి వచ్చిన దుకాణం పనివాళ్లిద్దరూ విని నవ్వారు. ఆమె నవ్వలేదు.

మరునాడే వంటింట్లో చిన్న కాంటా పెట్టాను. ముప్పై నాలుగేళ్ల కాపురంలో నేను ఆ వంటింట్లో నీళ్లు తాగడానికి తప్ప అడుగు పెట్టి ఎరగను. ఇప్పుడు మూడు పూటలా నేనే నిలబడ్డాను. పిండి తూచి ఆమెకిచ్చేవాణ్ణి. బువ్వ ఒక గిన్నెలో తూచి ఆమె తలెలో, అదే కంచంలో, నేనే వేసేవాణ్ణి. కూరలో నూనె నా చేత్తోనే. ఆమెను గిన్నెల దగ్గరికి రానివ్వలేదు, కుర్చీలో కూర్చోబెట్టి తలె చేతికి అందించాను. మధ్యాహ్నం దుకాణం పనివాళ్లకు అప్పగించి, ఎండలో వచ్చి వడ్డించి పోయేవాణ్ణి. ఈ త్యాగం సంగతి బజారులో అందరికీ నేనే చెప్పుకున్నాను.

మొదటి పూట ఆమె తలె వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. ఏదో అనబోయి ఆగింది. కొంగు సర్దుకుని, మెల్లగా, ఒక్క మెతుకు కింద పడకుండా తిన్నది. బువ్వ తక్కువైందని అలా చూస్తోంది అనుకున్నాను. తక్కువే మరి, అలవాటు కావాలి అన్నాను.

సంగతి తెలిసి వాడకట్టంతా వచ్చింది సలహాలతో. ఒకామె జీలకర్ర నీళ్లు అంది. ఆమె నడుము చుట్టుకొలత చూస్తే ఆ జీలకర్ర ఏ చెరువులో కలిసిందో అనిపించింది. ఇంకొకాయన సెల్‌ఫోన్ తెరిచి, ఎవడో గడ్డం మనిషి చెబుతున్న కషాయం చూపించాడు. అందరికంటే ఎక్కువ నవ్వొచ్చింది కొర్రల వాళ్లను చూస్తే. కొర్ర బువ్వ తింటే ఎంత తిన్నా తగ్గుతారట! ఎంత తిన్నా అట! ఆ కొర్రలు అమ్మేది నేనే. నాలుగేళ్లుగా బస్తాలకు బస్తాలు అమ్ముతున్నాను, కొని తిన్నవాళ్లలో ఒక్కరూ సన్నబడగా చూడలేదు. "మీరు మీ పిడికిళ్లతో, కషాయాలతో సావున్రి. మా ఇంట్ల కాంటా ఉంది" అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న సామెత నాకు తెలియక కాదు. అది ఎదుటివాళ్ల కోసం పుట్టిందని అనుకునేవాణ్ణి.

మొదటి నెలలో రెండున్నర కిలోలు తగ్గింది. నేను కాలరు ఎగరేశాను. రెండో నెలలో ఏమీ తగ్గలేదు. మూడో నెలలో అరకిలో పెరిగింది.

తూకం నాది. గింజ తేడా లేదు. మరి బరువు ఎక్కడి నుంచి వస్తుంది? గాలి తాగితే వస్తుందా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పడతాను అనుకున్నాను. అటుకుల డబ్బా, సకినాల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. బెల్లం డబ్బాలో ఎంతవరకు ఉందో పెన్నుతో గీత గీశాను. రస్కులు లెక్కపెట్టి పెట్టాను. ఎదురింటామెను పిలిచి, నేను లేనప్పుడు మీ ఇంటి నుంచి ఏమైనా వస్తున్నాయా అని కూడా అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి "మీకేమన్న అయిందా అన్నా?" అని లోపలికి పోయింది.

బెల్లం గీత అలాగే ఉంది. రస్కులు సరిగ్గా ఉన్నాయి. దాంతో నా అనుమానం తగ్గకపోగా పెరిగింది. ఇంత తెలివిగా తింటోందంటే మామూలు మనిషి కాదు అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం వడ్డించి వెళ్లినట్టే వెళ్లి, పది నిమిషాలకు చెప్పులు చేత పట్టుకుని వెనక్కి వచ్చాను. ఆమె కుర్చీలోనే ఉంది. తిన్న తలె ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో మోకాళ్లు ఒత్తుకుంటోంది. నన్ను చూసింది, నా చేతిలో చెప్పులు చూసింది. నేను మరిచిపోయిన కళ్లద్దాల కోసం వచ్చానన్నాను. అవి నా మొహానే ఉన్నాయి.

మూడు నెలలు నిండాక పట్నం వెళ్లాం. డాక్టరు ఆమెను మిషన్ మీద ఎక్కించాడు. అది ఎక్కడానికి కూడా నర్సు పట్టుకోవాల్సి వచ్చింది. ఎనభై తొమ్మిది. డాక్టరు పెదవి విరిచాడు. "ఇట్లా అయితే కష్టమమ్మా. నోరు కట్టుకోవాలి" అన్నాడు.

నా మూడు నెలల కష్టం, నా తూకం, నా పేరు, అన్నీ ఆ మిషన్ మీద పోయినట్టు అనిపించింది నాకు. ఆ గదిలో నర్సు ఉంది. పిడికిళ్ల కాగితం ఇచ్చిన అమ్మాయి కూడా ఉంది. అందరి ముందూ అన్నాను, "నేను గ్రాము తేడా లేకుంట తూచి పెడుతున్న సార్. ఈమెనే దొంగతిండి తింటుంది. ఎక్కడ తింటుందో నాకు దొరుకుత లేదు."

మా ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. కోపంగా కాదు. ఒక సంగతి ఇప్పుడే తెలిసినట్టుగా చూసింది. తర్వాత తల దించుకుంది. తిరుగుబస్సులో సదాశివపేట దాటేదాకా కిటికీలోంచి బయటికే చూసింది. నేను మాత్రం ఊరుకోలేదు. నాలుక మీద అదుపు లేనివాళ్లకు మోకాళ్లెందుకు అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు. కానీ అన్నాను కాబట్టి రాస్తున్నాను.

మరునాడు మధ్యాహ్నం ఎప్పటిలాగే వచ్చాను. గిన్నె కాంటా మీద పెట్టి బువ్వ తూచాను. నూట ఇరవై. తలెలో వేశాను. పప్పు వేశాను, కూర వేశాను, పల్లీల పొడి వేశాను. అందించాను.

"జర ఆగున్రి" అంది ఆమె.

కుర్చీ చేతులు పట్టుకుని, పళ్లు బిగించి లేచింది. తలెలో బువ్వ ఇంకా పప్పుతో కలవలేదు. ఆ బువ్వను ఒక్క మెతుకు వదలకుండా తీసి మళ్లీ అదే గిన్నెలో వేసింది. గిన్నె కాంటా మీద పెట్టింది. నూట అరవై ఎనిమిది.

కాంటా చెడిపోయింది అన్నాను. ఆర్పి మళ్లీ వెలిగించాను. నూట అరవై ఎనిమిది. దుకాణానికి మనిషిని పంపి వందగ్రాముల రాయి తెప్పించి పెట్టి చూశాను. సరిగ్గా వంద. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లను చూసి ఎన్నిసార్లు నవ్వానో, అదే పని చేస్తూ వంటింట్లో నిలబడ్డాను.

"కాంటాకు ఏం గాలే. మీ చెయ్యి చూడున్రి" అంది ఆమె. "తూచినంక తలెల ఏస్తరు. ఏసినంక మళ్ల బువ్వ గిన్నెలకెళ్లి ఒక పిడికెడు తీసి పైన ఏస్తరు. పప్పు గట్లనే. నూనె గట్లనే, చెంచ పోసినంక సీస ఒకసారి ఒంపుతరు. పల్లిపొడి అయితె ఇంక చెప్పద్దు."

నేను కాదన్నాను. మళ్లీ చేసి చూపించమంది. చేశాను. తూచి, తలెలో పోసి, చెయ్యి వెనక్కి తీయబోయాను. చెయ్యి అన్నం గిన్నెలోకి పోయింది. పిడికెడు తీసింది. అప్పుడు చూశాను దాన్ని, ఎవరి చెయ్యో చూసినట్టు.

కొసరు. మా బజారులో తూకం ఎంత ఖచ్చితంగా ఉన్నా సరే, సరుకు సంచీలో పోశాక పైన ఒక పిడికెడు వేయకపోతే మనిషి మళ్లీ రాడు. ఆ పిడికెడు కాంటా మీద వేయరు, నేరుగా సంచీలోకే పోతుంది. తూకం తూకమే, కొసరు కొసరే. మా నాయన చెయ్యి వేసేది, నా చెయ్యి వేస్తుంది. వేస్తున్నానని ఏనాడూ అనుకోను. అందాజ వేసేవాళ్లను ఇన్నేళ్లు తిట్టిన నేను, ప్రతి తూకం మీదా అందాజగా ఒక పిడికెడు వేస్తూ బతికాను. వేసిందంతా మూడు నెలలుగా మా ఆవిడ మోకాళ్ల మీద వేశాను. పైగా దొంగ అన్నాను, నలుగురి ముందు. నా అంత పనికిమాలిన తూకందారు ఈ తాలూకాలో ఇంకొకడు ఉండడు.

"నీకు ఎప్పటికెళ్లి ఎర్క?" అని అడిగాను.

"మొదటి పూటకెళ్లి."

నాకు మళ్లీ కోపం వచ్చింది. సిగ్గుపడాల్సిన చోట కోపం తెచ్చుకోవడం నాకు బాగా వచ్చు. "మరి చెప్పద్దా? మూడు నెలలు నోట్ల బెల్లం పెట్టుకున్నవా? ఆపరేషన్ నీకు గాదా?"

ఆమె కుర్చీలో కూర్చుంది. కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

"లగ్గమైనప్పటికెళ్లి మీకు నేనే పెట్టిన. మీరు నాకు పెట్టింది గిదే మొదలు" అంది. "మొదటి దినం తూకమైనంక పైన పిడికెడు ఏసిన్రు. ఎర్క ఉండే ఏసిన్రనుకున్న. పైకి గంత గట్టిగ ఉండుకుంట, నేను కడుపు మాడ్చుకుంటనని జర ఎక్కువ ఏస్తున్నరనుకున్న. వద్దు అనబుద్ధి గాలే. మోకాళ్లు ఇంకొన్ని దినాలు నొస్తె నొయ్యనీ అనుకున్న."

నేను బువ్వ గిన్నె మీద మూత పెట్టాను.

"నిన్న డాక్టరు ముంగట దొంగతిండి అన్నరు సూడు, గప్పుడు సమజైంది. మీకు ఎర్కనే లేదు అది. దుకాణంల ఎవరొచ్చిన ఏస్తరు గద, గట్లనే ఏసిన్రు."

ఆ క్షణాన అబద్ధం చెప్పొచ్చు. నీ కోసమే వేశాను, పైకి చెప్పలేదు అనొచ్చు. నోటి దాకా వచ్చింది. కానీ ఆమె నిన్నటి మాట విన్నది, ఆ మాటే నాకు అడ్డం పడింది. ప్రేమతో కొసరు వేసేవాడు దొంగ అని ఎలా అంటాడు? నా దగ్గర ఉన్నదల్లా నిజం ఒక్కటే, అది ఆమెకు అప్పటికే తెలుసు. తప్పైంది అన్నాను. ఆ మాట నేను ఆమెతో అనడం అదే మొదలు. అది కూడా ఆలస్యంగానే.

ఆ రోజు నుంచి తూచాక కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమ చేత్తో తలె అందించాను. వడ్డించిన తలెను మళ్లీ కాంటా మీద పెట్టి చూశాకే ఇచ్చాను. మొదట్లో చెయ్యి చెప్పిన మాట వినలేదు, రెండుసార్లు ఆమే "చెయ్యి" అని గుర్తు చేసింది. బీరువా తాళం నేనే తీశాను. ఆ డబ్బాల జోలికి ఆమె అప్పుడూ పోలేదు, ఇప్పుడూ పోలేదు. తలె చేతికి తీసుకున్నాక నా వంక చూసే అలవాటు మాత్రం పోయింది. తలె వంకే చూసి తిన్నది.

బరువు తగ్గింది. తగ్గక ఏం చేస్తుంది? మరో నాలుగున్నర నెలలకు డెబ్బై తొమ్మిదిన్నర. డాక్టరు మిషన్ మీది అంకె రెండుసార్లు చూసి, తేదీ రాసిచ్చాడు. "మీరు బాగా శ్రద్ధ తీసుకున్నారండీ" అని నన్ను మెచ్చుకున్నాడు. నేను చెప్పేద్దామనుకున్నాను, మూడు నెలలు పాడుచేసింది నేనేనని. ఆమె నాకంటే ముందే అంది, "ఈయన తూకం పక్కా ఉంటది సార్." దొంగ అని నేనన్న గదిలోనే ఆ మాట అంది. నా పరువు కాపాడటానికే అంది. అది వింటూ నిలబడటం కంటే నాలుగు చెంపదెబ్బలు తినడం సులువు.

తిరుగుబస్సులో ఆమె పక్కన కూర్చున్నాను. సదాశివపేట దాటాక అన్నాను, "ఆపరేషన్ అయి మంచిగైనంక, ఒకనాడు నీకు ఇష్టమైనది చేయించి నేనే వడ్డిస్త. తూకం లేకుంట. ఎర్క ఉండే ఏస్త."

ఆమె చేతిలోని తేదీ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది.

"అప్పటికి నేను నడుస్త గద" అంది. "నేనే ఏసుకుంట. మీకెందుకు తక్లీఫ్."